ఆళ్లగడ్డలో రెండింతల వేడి

ఆ గురువారం ఉదయం సుందరరాజు పెట్టుకున్న పని ఒక్కటే, కళ్లజోడుకు ఊడిపోయిన స్క్రూ వేయించుకోవడం. నంద్యాల కాలేజీలో ముప్పయ్యేళ్లు ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయినప్పటి నుంచి రోజుకు ఒక్క పని కంటే ఎక్కువ పెట్టుకోవడం మానేశాడు. ఆ ఒక్కటీ అయితే రోజు గడిచినట్టే. ఎండ ముదరకముందే బజారుకు పోయి రావాలని చెప్పులు తొడుక్కుంటుండగా గేటు ముందు ఓబులేసు బైకు ఆగింది.

ఓబులేసు ఆయన పాత శిష్యుడు. ఆళ్లగడ్డలో కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చేస్తాడు.

"సార్, నీళ్లు కాచే మిషన్ ఒకటి చేసినా. అర యూనిట్ కరెంటు ఇస్తే యూనిట్ వేడి ఇస్తాంది."

"ఇయ్యదు," అన్నాడు సుందరరాజు.

"ఇస్తాంది సార్. మీరొచ్చి చూడండి."

"శక్తి యాడ్నుంచీ ఊరికే రాదని నీకు పాఠం చెప్పలేదా నాయనా?"

"చెప్పినారంట. ఆ దినం నేను రాలేదు సార్."

సుందరరాజు స్క్రూ పని వాయిదా వేసి, థర్మామీటరు సంచిలో వేసుకుని బైకెక్కాడు. సీటు కాలుతుందని ఓబులేసు వెనక తడి టవలు పరిచి తెచ్చాడు. అంత ఆలోచించినవాడిని అబద్ధాలకోరు అనుకోవడానికి ఆయనకు మనసొప్పలేదు.

మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి ఓబులేసు ఇంట్లో పరీక్ష మొదలైంది. ఇరవై లీటర్ల ఇనప డ్రమ్ము. లోపల ఓబులేసు తన చేత్తో చుట్టిన కాయిలు. మిద్దె మీది నల్ల ట్యాంకు నుంచి పైపులో దిగిన నీళ్లతో డ్రమ్ము నిండింది. మూత బోల్టులతో బిగించి ఉంది.

"ముందు ఈ నీళ్ల వేడి ఎంతో చూడాలి. ఒక చెంబుడు నీళ్లు తెప్పించు," అన్నాడు సుందరరాజు.

ఓబులేసు వంటింటి వైపు తిరిగి, "రామలక్ష్మీ, సారుకు చెంబుడు నీళ్లు!" అని కేక వేశాడు. అతని భార్య రామలక్ష్మమ్మ తెచ్చి రెండు చేతులతో ఇచ్చింది. సుందరరాజు థర్మామీటరు ముంచి చూసి, ఇరవై నాలుగు డిగ్రీలని రాసుకున్నాడు. తర్వాత ఆ నీళ్లు తాగేశాడు. ప్రాణం లేచి వచ్చింది.

అరగంటకు మీటరులో అర యూనిట్ తిరిగింది. డ్రమ్ము కుళాయి తిప్పితే వచ్చిన నీళ్లు అరవై నాలుగు డిగ్రీలున్నాయి. సుందరరాజు లెక్క కట్టాడు. నీళ్లలో చేరిన వేడి యూనిట్‌కు కాస్త తక్కువ. అంటే ఇచ్చినదానికి దాదాపు రెండింతలు. మూడుసార్లు కట్టినా అంతే వచ్చింది. పాఠం నాడు తాను కూడా రాలేదేమోనన్న అనుమానం కలిగింది.

చివరికి నోట్‌బుక్కు కాగితం మీద ఉన్నదున్నట్టు రాసి, పక్కన సంతకం పెట్టాడు. "నా ఎదుట జరిగిన పరీక్షలో ఖర్చయిన కరెంటుకు దాదాపు రెండింతల వేడి కనిపించింది. కారణం తెలియలేదు. ఇంకా పరిశీలించాలి."

ఓబులేసు ఆ కాగితాన్ని పట్టుకుని ఫోటో దిగాడు. అతని బొటనవేలు సరిగ్గా కిందివరుస మీద పడింది. కారణం తెలియకపోవడమూ, ఇంకా పరిశీలించవలసి ఉండటమూ ఆ వేలి కింద ఉండిపోయాయి. మిగతాది వాట్సాప్‌లో బయల్దేరింది.

సాయంత్రానికి అది ఆయనకంటే ముందే నంద్యాల చేరింది. "ఈ వయసులో కరెంటోళ్లతో తగువు మీకెందుకు సార్?" అంది పక్కింటి విజయమ్మ, గిన్నెలో పప్పు తెచ్చిచ్చి. శుక్రవారం మహానంది నుంచి ఒక సత్రంవాళ్లు పది మిషన్లు కావాలన్నారు. ఒక విలేఖరి ఫోన్ చేస్తే, "నేను కనిపెట్టలేదు, కొలిచానంతే," అన్నాడు సుందరరాజు. కనిపెట్టి కూడా ఒప్పుకోని నిగర్వి అని మరునాడు వార్త వచ్చింది.

అదే రోజు ఓబులేసు ఫోన్ చేశాడు. "సార్, రామలక్ష్మి పేరున రెండెకరాలుంది గదా, వెంకటేషన్నకు అమ్ముతాండాం. సోమవారం పదకొండుకు రిజిస్ట్రేషన్. పెద్ద షెడ్డు ఏస్తా. మీ సంతకం చూసే ధైర్యం చేస్తాండా."

సుందరరాజుకు ఆ రాత్రి అన్నం సహించలేదు. వాళ్లకున్నది ఆ రెండెకరాలేనని ఆయనకు తెలుసు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, మధ్యాహ్నం భోజనానికి ముందు చేతులు కడుక్కుందామని కుళాయి తిప్పాడు. నీళ్లు చుర్రుమన్నాయి. చెయ్యి వెనక్కి లాక్కుని అలాగే నిలబడిపోయాడు. తర్వాత సంచిలో ఉన్న థర్మామీటరు తీసుకుని మిద్దెక్కి ట్యాంకులో ముంచాడు. నలభై నాలుగు! మే నెల మధ్యాహ్నం అతిథికి ఎవరూ కుళాయి నీళ్లివ్వరు. రామలక్ష్మమ్మ ఇచ్చినవి కుండలో నీళ్లు. డ్రమ్ములోకి దిగినవి ఎండకు సగం కాగిన నీళ్లు. అదనపు వేడి సూర్యుడిది. ఆయన కొలిచింది ఆమె మర్యాదను.

ఓబులేసుకు ఫోన్ చేస్తే ఎంతసేపటికీ దొరకలేదు. ఆర్డర్లు తీసుకుంటున్నాడు.

సోమవారం పొద్దున్నే బస్సెక్కాడు. కండక్టరు ఎవరినో లేపి ఆయన్ను నీడవైపు సీట్లో కూర్చోబెట్టాడు. ఆళ్లగడ్డ రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు పాతికమంది ఉన్నారు. సుందరరాజు ఊపిరి తీసుకుని జరిగిందంతా చెప్పాడు. మిషన్ మామూలు హీటరేనన్నాడు. తప్పు తనదేనన్నాడు.

భూమి కొనడానికి వచ్చిన వెంకటేష్ దగ్గరికి వచ్చాడు. "సార్, నిజం చెప్పండి. మీ ఇంటికి ఎవురొచ్చినారు? హీటర్ల కంపెనీవోళ్లేనా?"

"ఎవరూ రాలేదప్పా."

వెంకటేష్ జనం వైపు తిరిగాడు. "చూస్తిరా? ఎవురొచ్చినారో గూడా చెప్పనీలేదు, పాపం!"

"ఎంతిచ్చినారో!" అన్నారు వెనక నుంచి.

"మీరు గూడానా సార్?" అన్నాడు ఓబులేసు. ఆ మాట సుందరరాజుకు ఎండకంటే ఎక్కువ తగిలింది. థర్మామీటరు తీసి అతని చేతిలో పెట్టాడు.

అంతదాకా మెట్ల మీద కూర్చున్న రామలక్ష్మమ్మ లేచింది. "సార్, ఆ దినం నేనిచ్చిన నీళ్లలోనా దీన్ని ముంచింది?"

"అవును తల్లీ."

"అవి తాగేకి గదా ఇచ్చింది! కుండలో ముంచుకొస్తి. ఎండనపడి వచ్చినోళ్లకు ట్యాంకు నీళ్లిస్తారా యాడన్నా?" ఆమె కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. "నేను సంతకం పెట్టను."

"ఏమే, ఊరంతా చూస్తాంది!" అన్నాడు ఓబులేసు.

"చూడనీ. కుండా నాదే, భూమీ నాదే."

ఆమె నడిచిపోయింది. ఓబులేసు గురువు ముఖం చూడకుండా ఆమె వెనకే పోయాడు.

మరుసటి ఉదయం ఫోన్ మోగింది. "సార్, మూత ఇప్పి డ్రమ్ములోనే ముంచి కొలిచినా." ఓబులేసు గొంతు. "అర యూనిట్‌కు అర యూనిట్ గూడా రాలేదు. భూమి నిలబడింది సార్. నిన్న నోరుజారినా, మనసులో పెట్టుకోవద్దండి."

ఆ రోజంతా ఓబులేసు మిషన్‌లో ఏమీ లేదని కనిపించినవాళ్లందరికీ చెప్పాడు. ఆళ్లగడ్డ ఆలోచించి, కంపెనీవాళ్లు ఓబులేసును కూడా కొనేశారని తేల్చింది. సత్రంవాళ్లు పది మిషన్లను ఇరవై చేశారు.

వారం తర్వాత మిడుతూరు నుంచి యెషయా అనే మెకానిక్కు సుందరరాజును వెతుక్కుంటూ వచ్చాడు.

"సార్, నీళ్లతో నడిచే మోపెడ్ చేసినా."

"నేను దేనికీ సంతకం పెట్టను నాయనా."

"సంతకం ఎందుకు సార్? మీరు మా ఊరి బస్టాండులో నిలబడి, ఇది పనిచేయదని గట్టిగా ఒక్క మాట చెప్పండి. సాలు."

సుందరరాజు అతనికి కుండలో నీళ్లు ముంచి తెచ్చిచ్చాడు. తనకు ఖాయంగా తెలిసిన సంగతి చెప్పమని ఇంతవరకూ ఎవరూ ఆయన్ను అంత మర్యాదగా పిలవలేదు.