పూరీయా, జైపూరా? ఇల్లే పదిలం

విహారయాత్రల ప్రమాదం నుంచి కుటుంబాన్ని కాపాడే ఉపాయం ఒక్కటే ఉంది. ఎక్కడికి వెళ్ళాలో అందరూ కలిసి కూర్చుని నిర్ణయించుకోవాలి!

నమ్మకం కలగడం లేదా? అయితే ఢిల్లీ వసంత్ కుంజ్‌లో, రెండో అంతస్తులో కాపురముంటున్న రేవతిని చూడండి. పెళ్ళయిన ఈ ఏడేళ్ళలో ఏ విహారయాత్రలోనూ ఆమె సూట్‌కేస్ పోలేదు, రైలు తప్పలేదు, దారిలో ఎవరికీ వాంతి కాలేదు. ఇంత చక్కని రికార్డు మీలో ఎంతమందికి ఉంది?

భర్త శేషగిరి కేంద్ర ప్రభుత్వోద్యోగి. కుటుంబంతో దేశం చూసి రమ్మని సర్కారే రైలు ఛార్జీలిచ్చే ఎల్‌టీసీ ఆయనకుంది. డిసెంబరు దాటితే మురిగిపోతుంది. అందుకని దీపావళి ప్రమిదలు కడిగి దాచిన మర్నాటి నుంచీ ఆ ఇంట్లో భోజనాల వేళ భారతదేశమంతా చర్చకు వస్తుంది.

శేషగిరికి కోటలు కావాలి. ఆఫీసులో ఫైలు నడిపినట్టే ఇంట్లోనూ నడుపుతాడు.

"జైపూర్. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి అక్కడుంటాం. అభ్యంతరాలుంటే చెప్పు."

"కోట మీద పిట్టగోడ ఎంత ఎత్తుంటుందండీ?"

ఎవరు కొలిచారు? జైపూర్ పోయింది. నీళ్ళు పడతాయో లేదోనని ఆగ్రా పోయింది. ఖజురహో అనగానే రేవతి గొంతు తగ్గించి, "పిల్లతోనా?" అంది. శేషగిరి పెరుగన్నం వైపు చూస్తూ ఆ ఫైలు తనే మూసేశాడు.

ఇక సముద్రం. ఆరేళ్ళ ఇషిత అడిగేది అదొక్కటే. ఢిల్లీలో పుట్టి ఢిల్లీలోనే పెరుగుతున్న పిల్ల, సముద్రం మొహం ఎరగదు. రేవతేమో భీమిలి పిల్ల. పదో తరగతిలో ఉండగా ఇంటిల్లిపాదీ హైదరాబాద్ మారిపోయేదాకా రోజూ అలల్లో పరికిణీ తడుపుకుని ఇంటికెళ్ళి తిట్లు తిన్నది. ఆ సముద్రం అలాగే ఉంది. మధ్యలో రేవతికి పిల్ల పుట్టింది, అంతే.

"పూరీ వెళ్దామే. మీకు సముద్రం, నాకు కోణార్క్."

"అక్కడ అలలు లాగేస్తాయట."

"పోనీ గోవా? లైఫ్‌గార్డులుంటారు."

"అవసరం లేకపోతే ఎందుకు పెడతారండీ?"

దీనికి ఏ మంత్రిత్వ శాఖ జవాబు చెప్పగలదు?

పక్కింటి హైమవతి ఆంటీ దేశమంతా తిరిగొచ్చిన మనిషి. తగవు తీర్చబోయింది. "రేవతమ్మా, మహాబలిపురం పోండి. చరిత్రా, సముద్రమూ ఒక్కచోటే."

"రెండు భయాలూ ఒక్కచోటేనా ఆంటీ?"

ఇలాగే సాగితే డిసెంబరు క్షేమంగా దాటిపోయేది. దాటనివ్వనిది ఇషిత.

ఆ ఆదివారం మధ్యాహ్నం పిల్ల అలికిడి లేదు. రేవతి గదులన్నీ వెతికి, బాల్కనీలోకి పరుగెత్తింది. బట్టలు నానబెట్టే టబ్బులో నీళ్ళు. పక్కన ఖాళీ ఉప్పు డబ్బా. చీలమండల దాకా మునిగి నిలబడి, చీపురుతో అలలు లేపుతోంది ఇషిత. వేలు నాకి చూసుకుని తృప్తిగా తలూపింది కూడా.

గుమ్మంలో ఆగిపోయిన తల్లిని చూసి చెయ్యి చాపింది.

"మమ్మీ, ఆ జావో. డరో మత్. గహ్రా నహీఁ హై."

లోతు లేదట, భయపడొద్దట. ఆరేళ్ళది, భీమిలి పిల్లకి ధైర్యం చెబుతోంది!

రేవతి తిట్టడానికే నోరు తెరిచింది. ఆ చాపిన చెయ్యి అలాగే ఉంది. కాసేపటికి సల్వార్ మడుచుకుని, చెప్పులు విడిచి, టబ్బులో కాలు పెట్టింది. చీపురు అల ఒకటి వచ్చి మోకాలు తడిపింది.

"ఏవండీ, పూరీకే తీసేయండి టికెట్లు."

లోపల పేపరు చప్పుడు ఆగిపోయింది. "అలలు లాగేస్తాయన్నావుగా?"

"నన్ను పట్టుకోడానికి ఇది ఉందిగా."

ఏడేళ్ళ రికార్డు అలా ఒక్క మధ్యాహ్నంలో మట్టిగొట్టుకుపోయింది. కాబట్టి అమ్మలూ, పిల్లల సంగతి ఎలా ఉన్నా, మన భయం మాత్రం పదిలంగా ఉండాలంటే, ఇవాళే ఉప్పు డబ్బా పై అరలో పెట్టుకోండి.