అనుమానం ఉంటే పక్కన పెట్టాలి

ఆ పొద్దున మాన్యువల్ మాస్టారి పథకం చాలా చిన్నది. పదింటికల్లా పేజీ పూర్తిచేసి పైకెక్కించడం, ఆపైన మెయిల్ తెరిచి కాంట్రాక్టు పొడిగింపు కోసం ఎదురుచూడడం. గడువు ఆ సాయంత్రంతో సరి. పొడిగించకపోతే రేపటినుంచి బావమరిది ఇనుపసామాన్ల కొట్టులో కూర్చోవాలి. యాభైమూడేళ్ల వయసులో మేకులు తూచడానికి ఆయనకు అభ్యంతరం లేదు. బావమరిదిచేత "అది కాదు బావా, ఇలా" అనిపించుకోవడమే ప్రాణసంకటం.

కంపెనీ సరుకులకు వాడుక పుస్తకాలు, అంటే మాన్యువళ్లు, రాయడం ఆయన ఉద్యోగం. ఆ పేరు అందుకే వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఆయన రాసిన ముక్క మనిషన్నవాడు చదివిన పాపాన పోలేదు. ఈమధ్యే కొత్త పాఠకులు దొరికారు. ఆఫీసులో అందరి మెయిళ్లనూ తమంతట తామే చదివి సర్దే ఏఐ ఏజెంట్లు. చెత్త మెయిల్ మీద స్పామ్ ముద్ర కొట్టే పరికరం ఒకటి కొత్తగా వాటికిచ్చారు. దాన్ని ఎలా వాడాలో మాస్టారు రాయాలి. అవి పొల్లు కూడా వదలకుండా చదువుతాయట. ఆ మాట విన్ననాడు ఆయనకు కళ్లు చెమర్చాయి.

పేజీ చివర ఓ జాగ్రత్త కూడా చేర్చారు: "అనుమానం ఉంటే పక్కన పెట్టాలి." పైకెక్కించి, మెయిల్ తెరిచారు.

పదకొండయింది. ఏమీ రాలేదు. పన్నెండయింది. రోజూ వచ్చే పనికిమాలిన మెయిళ్లు కూడా రాలేదు. భార్య ఫోన్ చేసింది.

"ఏమండీ, వచ్చిందా?"

"ఇంకా లేదు."

"తమ్ముడు అడుగుతున్నాడు, కొట్లో ఇంకో కుర్చీ వేయించాలా అని."

మాస్టారు ఫోన్ పెట్టేశారు.

రెండింటికి స్టోర్సు గుమాస్తా వచ్చి, బల్ల మీదికి వంగి గుసగుసలాడాడు. "మాస్టారూ, పొద్దున్నించీ నాకు ఒక్క మెయిల్ లేదు. మీకు?"

"లేదు."

"అయితే మనిద్దరం అయిపోయాం. ఉద్యోగం తీసేసేవాళ్లకి ముందు మెయిల్ ఆపేస్తారంట. కంప్లయింట్ పెట్టాను. దానికీ జవాబు లేదు."

కంప్లయింటు కూడా మెయిల్లోనే పెట్టాడని ఇద్దరికీ తట్టలేదు. అరగంటలో ఆ మాట అంతస్తంతా పాకింది. రిసెప్షనిస్టు తన పూలకుండీని సంచిలో పెట్టుకుని ఏడ్చింది. ఎవరికి వారే తీసేసింది తమనొక్కరినే అనుకుని, పక్కవాళ్ల మొహం చూడడం మానేశారు. ఆఫీసు చావింటిలా ఉంది.

మాస్టారు మెయిల్ ఇంకోసారి తెరిచి చూశారు. ఇన్నేళ్ల చాకిరీకి ఒక్క ముక్క రాసే దిక్కు లేదా? తీసేయించుకోవడం కంటే తానే పోవడం మేలనుకుని, మూడింటికి మేనేజరుకు రాజీనామా రాశారు. అలవాటు చొప్పున అంకెలు వేసి మరీ రాశారు. ఒకటి, మీకు చదవడం రాదు. రెండు, రాసినవాణ్ని గౌరవించడమూ రాదు. మూడు, నేను వెళ్తున్నాను. పంపేశాక కాస్త గాలి ఆడినట్టయింది, తర్వాత ఏడుపొచ్చింది.

నాలుగింటికి ప్రోగ్రామర్ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"మాస్టారూ, అనుమానం ఉంటే పక్కన పెట్టమన్నారు. దేన్ని?"

"పరికరాన్నమ్మా. అనుమానం ఉంటే ముద్ర జోలికి పోవద్దని."

"అలా రాయలేదు కదా. ఏజెంట్లు మెయిల్ని పక్కన పెట్టమన్నారనుకున్నాయి. అన్నీ స్పామ్‌లో పడేశాయి."

"అన్నింటి మీదా అనుమానమేనా?"

"'బాగున్నారా' అని రాసినా, ఎందుకడుగుతున్నాడని వాటికి అనుమానమే."

మాస్టారు తన స్పామ్ తెరిచారు. పదిన్నరకే వచ్చి పడి ఉంది, మేనేజరు మెయిల్. రెండేళ్ల పొడిగింపు, కింద "మీలాంటివారు మాకు కావాలి" అని ఒక వాక్యం. పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులోనే పేజీ దిద్దారు: "అనుమానం ఉంటే పరికరాన్ని వాడకూడదు. ఇదివరకు అనుమానంతో స్పామ్‌లో వేసిన ప్రతి మెయిల్‌నూ వెంటనే చేరవలసినవారికి చేర్చాలి." ఈసారి కర్త, కర్మ, క్రియ అన్నీ సరిచూసుకుని మరీ పైకెక్కించారు.

అంతస్తంతా ఒక్కసారిగా టింగు టింగుమంది. జనం నవ్వుతున్నారు. అప్పుడు గుర్తొచ్చింది మాస్టారికి, మేనేజరు స్పామ్‌లో తన రాజీనామా కూడా ఉందని. ఆపుదామని మౌస్ పట్టుకునేలోపే మేనేజరు గదినుంచి కబురొచ్చింది.

మేనేజరుకు కోపమేమీ ఉన్నట్టు లేదు. అదే మాస్టారిని మరింత భయపెట్టింది.

"కూర్చోండి. మీరు రాసినవాటిలో నేను మొదటినుంచి చివరిదాకా చదివింది ఇదొక్కటేనండీ."

"సర్, అది పొరపాటున..."

"పొరపాటెక్కడిది? చాలా స్పష్టంగా ఉంది. నేను పంపింది పదిన్నరకి, మీరు పంపింది మూడింటికి. తర్వాతదే కదా చెల్లేది? ఒప్పుకున్నాను." ఆయన గడియారం చూశాడు. "ఇంకో గంట టైముంది. రాజీనామా ఎలా రాయాలో ఒక పేజీ రాసిపెట్టి వెళ్లండి, మనవాళ్లకి పనికొస్తుంది."

మాస్టారు వెళ్లి, కూర్చుని, రాశారు. ఆ పేజీకి మాత్రం ఎవరూ దిద్దుబాట్లు చెప్పలేదు.