దీక్షలో కాఫీ చెల్లును

సిరిసిల్ల ప్రజలకు తెలియజేయునది ఏమనగా, కాఫీ తాగితే నిరాహార దీక్ష భంగం కాదు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో మన రిలే దీక్షా శిబిరంలోనే ఈ తీర్మానం ఆమోదం పొందింది. చాయ్ మాత్రం పనికిరాదు, చాయ్ తాగేవాడు బిస్కెట్టు ముంచకుండా ఉండలేడు కనుక. జగిత్యాల, కోరుట్ల శిబిరాలవారు తీర్మానం నకలు తెప్పించుకున్నారు.

దీనివల్ల బాగుపడ్డవాడు జలపతి. ఉన్న రెండు మరమగ్గాలూ, అదే మన సాంచెలు, అమ్మేసి, సాంచెల ఊళ్లో, అదీ చాయ్ తప్ప ఎరగని ఊళ్లో, ఫిల్టర్ కాఫీ కొట్టు పెట్టిన వీరుడు. మొదట్లో ఆ కాఫీ అతనూ, భార్య శంకరవ్వే తాగారు.

"గిది నడువకుంటే మల్ల పరాయి సాంచెల కాడ కూలికి పోవాలె" అని శంకరవ్వ రోజూ గుర్తుచేసేది, మరిచిపోతాడేమోనని.

అదృష్టం కొద్దీ శిబిరం డేరా కొట్టుకెదురుగానే పడింది. రోజుకో సంఘం పొద్దున దండలు వేసుకుని కూర్చోవడం, సాయంత్రం నిమ్మరసం తాగి లేవడం. నడుమ ఆకలి. కాఫీ ఆంధ్రోళ్లదని ఒకాయన అభ్యంతరం లేవదీసి, రెండో కప్పు తర్వాత ఉపసంహరించుకున్నాడు. బంద్ నాడు షట్టర్ దించమని గద్దించినవాళ్లే, సగం దించిన షట్టర్ కింద నుంచి వంగి లోపలికి పోయేవారు. అధ్యక్షుడు రాజనర్సుకు పొట్ట అడ్డం గనుక కప్పు బయటికే వచ్చేది.

ఒకనాడు హోటళ్లవాళ్ల వంతు వచ్చింది. జలపతి కొట్టుకు తాళం వేసి దండతో కూర్చున్నాడు. అమాయకుడు, దీక్షంటే తినకపోవడమే అనుకున్నాడు. మధ్యాహ్నానికి డేరా నిండా తలనొప్పులు. రాజనర్సు మైకందుకున్నాడు.

"సోదరులారా! ఇంతమంది ఉద్యమకారులు తలకాయ పట్టుకుంటే, ఒక్కడు పట్టుబట్టి ఉపాసముండుడు త్యాగమా? స్వార్థం! జలపతీ, లే!"

"ఒక్కపొద్దున్నోడు నడుమల లేస్తడానే? నా దీక్ష ఏం గావాలె?"

"నీ దీక్ష మేం జేస్తం. నువ్వు పొయ్యి ముట్టియ్యి."

లేపారు. పొయ్యి ముట్టించాడు. అందరం తాగాం. చక్కెర కాస్త తక్కువైందని కొందరు బాధపడ్డారు కూడా.

మర్నాడు శిబిరం ఇంకో తీర్మానం చేసింది. దీక్ష నడుమ లేచిపోయిన జలపతి ఉద్యమ ద్రోహి, అతని కొట్టు గడప ఎవరూ తొక్కరాదు. కుర్రాళ్లు ఆ మాట షట్టర్ మీద ఎర్ర రంగుతో రాశారు. అక్షరాలు చక్కగా కుదిరాయి.

శంకరవ్వ నిన్నటి కప్పులు పెద్ద తట్టలో తెచ్చి డేరా నడుమ దించింది.

"గీ ఎంగిలి కప్పులు ఎవ్వలియి? ఎవ్వలియి వాల్లు కడుక్కపోండ్రి."

మావి కావని శిబిరం ఏకగ్రీవంగా తేల్చింది.

తర్వాత మనకు రాష్ట్రం వచ్చింది. జలపతి పరాయి సాంచెలు నడుపుతున్నాడు. ఆ కప్పులను శంకరవ్వ ఇప్పటికీ కడగలేదట. తమరు వీలు చూసుకుని ఒకసారి వెళ్లొస్తే బాగుంటుంది. ఆ రోజు డేరాలో తమరూ ఉన్నట్టే గుర్తు.