మెడ ఒకటి, మఫ్లర్లు నాలుగు

ఆ రోజు పొద్దున్న లెక్కల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకు బూడిదరంగు మఫ్లరుతో ఇల్లు దాటాలి. ఏడూ నలభైకి ఎర్ర మఫ్లరుతో రొట్టెల దుకాణం దాటాలి. ఏడూ యాభైకి ఆకుపచ్చ మఫ్లరుతో ఆసుపత్రి దాటాలి. ఎనిమిదింటికి పసుప్పచ్చ మఫ్లరుతో బడిలో అడుగుపెట్టాలి. మూడు వారాలుగా ఈ టైంటేబుల్ ఒక్క పొరపాటు లేకుండా నడుస్తోంది. బడి టైంటేబుల్ కూడా అంత నిష్ఠగా నడవలేదు.

ఎండాకాలం, మరీ ఎండాకాలం తప్ప వేరే కాలం ఎరుగని చోటి నుంచి వచ్చిన మనిషాయన. ఏడాది సెలవు పెట్టి, దేశం కాని దేశంలో, కొండల మధ్య పల్లెలో ఊరికే పాఠాలు చెబుతానని వచ్చారు. వచ్చాక నిజంగానే ఊరికే చెప్పవలసి వచ్చింది. పగలు పద్నాలుగు మంది పిల్లలు, సాయంత్రం వాళ్ళ అమ్మానాన్నలు. ఇరవయ్యేడేళ్ళ ఉద్యోగంలో ఎవరూ గడియారం వంక చూడని తరగతి ఆయనకు దొరకడం ఇదే మొదటిసారి.

మొదటి మంచు పడ్డ రోజు మాస్టారు మెడకు తువ్వాలు చుట్టుకుని బయల్దేరడం ఇంటి యజమానురాలు పెద్దమ్మ చూసింది. మంచు కరగలేదు గానీ ఆవిడ మనసు కరిగింది. బూడిదరంగు మఫ్లరు అల్లి ఇచ్చింది. అక్కడితో ఆగితే ఇది కథ అయ్యేది కాదు. ఆ ఊరి భాషలో మాస్టారు మొట్టమొదట నేర్చుకున్న మాట "చాలా బాగుంది". దాన్ని ఎక్కడ ఆపాలో మాత్రం నేర్చుకోలేదు. రొట్టెలావిడ చేతిలో ఎర్ర ఊలు చూసి చాలా బాగుందన్నారు. నాలుగో రోజుకి అది ఆయన మెడలో ఉంది. ఆ ఎర్రదానితోనే ఇంటికి వెళ్ళారు.

మర్నాడు ఆయన గది ముందు వేణ్ణీళ్ళ బకెట్టు లేదు. రోజూ పెద్దమ్మే పెట్టేది. రెండో రోజూ లేదు, మూడో రోజూ లేదు. నాలుగో రోజు భయపడి బూడిదరంగు చుట్టుకుంటే బకెట్టు పొగలు కక్కుతూ ప్రత్యక్షమైంది. లెక్కల మనిషి కదా, సూత్రం దొరికిపోయింది. పెద్దమ్మకు కోపం వచ్చింది, పోయింది. ఇక జన్మలో ఎవరి మనసూ నొప్పించకూడదనుకున్నారు. ఈలోగా నర్సు ఆకుపచ్చదీ హెడ్మాస్టరమ్మ పసుప్పచ్చదీ అల్లేశారు. అలా ఊరి మంచితనమంతా మాస్టారి మెడకు చుట్టుకుంది.

ఈ సంగతి ఫోన్లో చెబితే భార్య నవ్వలేదు. "నలుగురి దగ్గర తీసుకున్నారు సరే, మనం ఏమిచ్చాం?" అని అడిగింది. మాస్టారి దగ్గర జవాబు లేని లెక్క అదొక్కటే.

ఆ రోజుకి ఇంకో విశేషం ఉంది. మధ్యాహ్నం వచ్చేదే ఆఖరి బస్సు. అది వెళ్ళాక మంచు కరిగేదాకా దారి మూసుకుపోతుంది. నిరుడు ఇలాగే వచ్చిన ఇంకో మాస్టారికి నడి చలికాలంలో ఊపిరితిత్తులకు జబ్బు చేస్తే, మూడు రోజులు మంచులో మోసుకుంటూ తీసుకెళ్ళారట. అప్పటి నుంచి ఊళ్ళో నర్సు మాటే శాసనం. పరాయి ఊరివాళ్ళకు ఒంట్లో ఏ మాత్రం తేడా ఉన్నా ఆఖరి బస్సు ఎక్కించడమే. మాస్టారికి ఆ బస్సు పొగ కూడా చూడాలని లేదు. పిల్లలు భిన్నాల్లో సగంలో ఉన్నారు.

రొట్టెల దుకాణానికీ ఆసుపత్రికీ మధ్య కట్టెల కొట్టం ఉంది. దాని వెనకే ఎరుపు దిగి ఆకుపచ్చ ఎక్కేది. ఆ రోజు ఎర్ర మఫ్లరు ముడి మంచుకు తడిసి బిగుసుకుపోయింది. మాస్టారు రెండు చేతులా మెడ పట్టుకుని, తల వెనక్కి వాల్చి, గుడ్లు తేలేసి లాగుతుండగా అటుగా పోస్ట్‌మాన్ వెళ్ళాడు.

ఊళ్ళో ఊలు లేకుండా అల్లగలిగినవాడు పోస్ట్‌మాన్ ఒక్కడే. మాస్టారికి ఊపిరి ఆడటం లేదని రొట్టెలావిడకు చెప్పాడు. గొంతు పూడుకుపోయిందట అని ఆవిడ పెద్దమ్మకు చెప్పింది. పెద్దమ్మ నోట పడి ఆసుపత్రికి చేరేసరికి మాస్టారు కట్టెల కొట్టం వెనక మూడుసార్లు పడి లేచినట్టయింది.

మొదటి పీరియడు మధ్యలో మాస్టారు కిటికీలోంచి చూస్తే నర్సు సంచీ పట్టుకుని వస్తోంది. మెడలో ఉన్నది పసుప్పచ్చ. గబగబా తన సంచీలోంచి ఆకుపచ్చ తీసి దాని మీద చుట్టారు. వెనకే పెద్దమ్మ కనిపించింది. బూడిదరంగు చుట్టారు. ఆ వెనక రొట్టెలావిడ. ఎరుపూ చుట్టారు. ఎవరు ఏది అడిగితే అది పైకి లాగి చూపించవచ్చునన్న ఆశతో, కోటు గుండీలన్నీ గడ్డందాకా బిగించారు. భిన్నాలు చెబుతానన్న మాస్టారు గుణకారం చేస్తున్నారేమిటా అని పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు.

నలుగురు ఆడవాళ్ళూ లోపలికి వచ్చేసరికి ఆయన మెడ తలకాయంత లావుంది. పక్కనే పొయ్యి మండుతోంది. మొహం కందిపోయి చెమటలు కారుతున్నాయి.

"కోటు విప్పండి, గొంతు చూస్తాను," అంది నర్సు.

"వద్దమ్మా, బాగానే ఉంది."

"నొప్పిగా ఉందా?"

"లేదు."

"మరి అంత వాచిందేం?"

మాస్టారు తల అడ్డంగా ఊపబోయారు. మెడ తిరగక మనిషంతా తిరిగారు. దాంతో నర్సు సంచీ మూసేసింది. ఇంత చలిలో మనిషికి చెమటలు పోస్తున్నాయి, మెడ కొయ్యబారింది, ఇక ఆలోచించడానికేం లేదు, బస్సు ఎక్కించమంది. హెడ్మాస్టరమ్మ ముక్కు తుడుచుకుంటూ ఆయన సుద్దముక్కల డబ్బా సర్దసాగింది. దారిలో తినడానికని రొట్టెలావిడ వేడి రొట్టె కాగితంలో చుట్టింది. పెద్దమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

అప్పుడు మూడో వరసలో పిల్ల లేచి పలక చూపించింది. అందులో లెక్క సగమే ఉంది.

"ఇది ఎవరు పూర్తి చేయిస్తారు మాస్టారూ?"

మాస్టారు కోటు గుండీలు విప్పారు. ఎర్రది తీసి బల్ల మీద పెట్టారు, బూడిదరంగుది పెట్టారు, ఆకుపచ్చది, పసుప్పచ్చది. తీసేకొద్దీ మెడ మామూలు మెడైంది.

"నాకే జబ్బూ లేదమ్మా. మీరు నలుగురు, మెడ ఒకటే. ఎవరి ఇంటి ముందు వాళ్ళది మార్చుకుంటూ వస్తున్నాను. ఒక్కసారి ఎర్రది వేసుకున్నందుకు పెద్దమ్మ మూడు రోజులు వేణ్ణీళ్ళు మానేసింది. మళ్ళీ ఎవర్నీ బాధపెట్టకూడదని..."

"నేనా? మానేశానా?" అంది పెద్దమ్మ. "నీళ్ళ గొట్టం గడ్డకట్టింది నాయనా. ఆ మూడు రోజులూ నాకూ స్నానం లేదు. చెబుదామంటే నన్ను చూడగానే గోడ చాటుకి పోయేవాడివి."

నర్సు ఈలోగా గొంతూ నాడీ చూసి, బుద్ధి తప్ప అన్నీ సరిగ్గానే ఉన్నాయని తేల్చింది. ముందు నవ్వింది రొట్టెలావిడ. తర్వాత ఎవరు ఆపారో తెలియదు. పోస్ట్‌మాన్ మాత్రం తాను చూసింది చూసినట్టే చెప్పానని మంచు కరిగేదాకా వాదిస్తూనే ఉన్నాడు.

ఆఖరి బస్సు మాస్టారు లేకుండానే వెళ్ళింది. ఆ సాయంత్రం బడిలో నలుగురూ కూర్చుని నాలుగు మఫ్లర్లనూ అంచులు కలిపి దుప్పటిగా కుట్టారు. రాత్రి గదిలో దాన్ని కప్పుకుని చూస్తే, బయట మంచు, లోపల మంచం, చుట్టూ మంచి మనుషులు. ఇంతకంటే ఏం కావాలో మాస్టారికి తోచలేదు. ఏ పుణ్యం చేసుకుంటే ఇంతమందికి తన ఒక్క మెడ గురించి దిగులు పట్టిందో ఆ లెక్కా తేలలేదు.

బస్సు ఖాళీగా మాత్రం రాలేదు. భార్య పంపిన పార్సిలు తెచ్చింది. అందులో వంకాయ రంగు మఫ్లర్లు నాలుగు, చిన్న ఉత్తరం. "మీ మెడ సంగతి వాళ్ళు చూశారు. వాళ్ళ మెడల సంగతి మనం చూడొద్దా? అల్లడం ఇదే మొదలు. వెడల్పు నా చేతిలో లేదు." నిజంగానే లేదు. ఒక్కోటీ ఒక కొస నాడాలా మొదలై రెండో కొసకు దిండు గలీబులా తేలింది. నలుగురు ఆడవాళ్ళూ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, ఒకే గొంతుతో చాలా బాగుందన్నారు.

మర్నాడు పొద్దున్న మాస్టారు బడికి వెళుతుంటే కట్టెల కొట్టం వెనక ఏదో కదిలింది. రొట్టెలావిడ తన నీలం మఫ్లరు విప్పి సంచీలో కుక్కి, ఆదరాబాదరాగా వంకాయ రంగుది మెడకు చుట్టుకుంటోంది. మాస్టారు చప్పుడు కాకుండా పది అడుగులు వెనక్కి వేశారు. తాను వస్తున్నట్టు తెలియడానికి మర్యాదగా దగ్గబోయి, నర్సు గుర్తొచ్చి మానుకున్నారు.