బోణీ వాటా

వాటా కొనడానికి డబ్బుంటే చాలు, అమ్మడానికి మాత్రం వేళ కుదరాలన్నది ప్రొద్దుటూరు ప్రపంచ వాణిజ్యానికి ప్రసాదించిన మహాసూత్రం. బొంబాయి వాళ్లకు ఈ సంగతి తెలియదు కనుకనే అక్కడ ధరలు అప్పుడప్పుడు పడిపోతుంటాయి, పాపం.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడాది, జమ్మలమడుగు దారిలో కట్టబోయే శ్రీ అక్షయ నూలుమిల్లు వాటాలను బట్టల వ్యాపారి లక్ష్మీనరసయ్య తన అంగట్లోనే అమ్మేవాడు, కొనేవాడు. (కొనేవాడన్నది నియమావళిలోని మాట.) లెక్కల అయివారు పార్థసారథి తన భార్య నాగరత్నమ్మ బంగారు గాజులు అమ్మి, ఆ డబ్బంతా ఆ వాటాల్లో పెట్టాడు. పది రూపాయల వాటా ఏడాది తిరక్కముందే నలభై అయింది. ఆ సంతోషంలో ఆయన బడిలో పిల్లల్ని కొట్టడం కూడా తగ్గించాడు.

ఆ సంతోషానికి గండి కొట్టింది నాగరత్నమ్మే. జమ్మలమడుగులో చెల్లెలి ఇంటికి పోయి వస్తూ, బస్సులోంచి మిల్లును చూసింది.

“ధర నాలుగింతలైందంటిరే, గోడ ఇంకా మొల ఎత్తే ఉంది. లోపల మేకలు పండుకోనుండాయి. రేపే పోయి అమ్మేసి నా గాజులు నాకు తెండి,” అంది.

గోడ ఎత్తుకూ ధర ఎత్తుకూ నిష్పత్తి వేసి చూసుకునేసరికి లెక్కల అయివారి గుండె జారింది. మర్నాడు అంగడి తలుపులు తీస్తుండగానే పోయి నిలబడ్డాడు.

“అమ్ముకోండి అయివారూ, నేను వద్దంటానా?” అన్నాడు లక్ష్మీనరసయ్య. “కానీ ఇంకా బోణీ కాలేదే! పొద్దున్నే గల్లాపెట్టెలోంచి దుడ్లు బయటికి తీస్తే లక్ష్మి నిలుస్తుందా? ముందు ఒక వాటా కొని బోణీ చేయండి.”

న్యాయమే అనిపించింది. పార్థసారథి ఒక వాటా కొన్నాడు. ఆ బోణీతో ధర రూపాయి పెరిగింది. పెరిగేదాన్ని అమ్ముకోవడం తెలివితక్కువని అక్కడున్న వాళ్లంతా ఆయనకు నచ్చజెప్పారు. (వాళ్లూ అమ్మడానికి వచ్చినవాళ్లే.)

బడి వదిలాక పోతే అంగట్లో దీపం పెట్టేసి ఉండేవారు. దీపం పెట్టాక డబ్బు గడప దాటదు. మంగళ, శుక్రవారాలు సరేసరి. ఇలా ఎవరూ అమ్మలేకపోవడం వల్ల ధర అరవైకి చేరింది. దీన్నే ఊళ్లో మిల్లు మీద ప్రజలకున్న అచంచల విశ్వాసం అన్నారు.

పార్థసారథి పట్టు వదల్లేదు. అమ్మడానికి పోయిన ప్రతి పొద్దునా ఒక వాటా కొనుక్కొచ్చాడు.

చివరికి ఒక బుధవారం బడికి సెలవొచ్చింది. వేముల నుంచి వచ్చిన రైతు ఒకాయన పంచె కొని బోణీ చేసి పోయాడు. దీపానికి ఇంకా బోలెడు పొద్దుంది.

“ఇప్పుడు అమ్మొచ్చు అయివారూ. పెట్టె తీసేదా?” అన్నాడు లక్ష్మీనరసయ్య.

పార్థసారథి చంకలోని వాటాలు తీయబోయి ఆగాడు. “రేపటికి ఎంతవుతుందంటావు?”

“నేను చెప్పేదేముంది? తగ్గింది మీరెప్పుడన్నా చూసినారా?”

చూడలేదు. డెబ్బై అవుతుందేమోనన్న ఆశ ముందు భార్య గాజులు చిన్నబోయాయి. వాటాలు చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు.

మరుసటి నెల మిల్లు యజమాని చెప్పాపెట్టకుండా ఊరొదిలి పోయాడు. మేకలు ఉండిపోయాయి. ఆనాటి నుంచి లక్ష్మీనరసయ్య పట్టింపులన్నీ ఎత్తేశాడు. మంగళవారమైనా సరే, దీపం పెట్టాకైనా సరే, ఎవరైనా వచ్చి వాటాలు అమ్ముకోవచ్చు. కొనడానికి మాత్రం అంగట్లో ఎవరూ లేరు.

దసరా అయ్యాక ఒక పొద్దున లక్ష్మీనరసయ్య దగ్గర్నుంచి కబురొచ్చింది. పులివెందులలో నూనెమిల్లు పెడుతున్నారు, అయివారి చేతి బోణీ శానా మంచిది, మొదటి వాటా వారే కొనాల.

పార్థసారథి చొక్కా గుండీలు పెట్టుకుంటూ భార్య వైపు చూశాడు.

“పోండి. అంత మంచి చెయ్యి ఈ ఇంట్లో మీదొక్కటే. నావి చూడండి,” అని నాగరత్నమ్మ మట్టిగాజుల చేతులు ముందుకు చాపింది.

పార్థసారథి చూశాడు. అంగట్లో ఇంకా బోణీ అయి ఉండదని త్వరగా బయలుదేరాడు.