తొంభై ఒక్క శాతం దొంగ

కుట్టిన యూనిఫారాలు రెండూ పోలీసు స్టేషన్లో ఇచ్చేసి, పదింటికల్లా ఇంటికొచ్చి, భార్యను కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలని టైలరు అనుకున్నాడు. స్టేషన్ గుమ్మంలో కాలు పెట్టాడో లేదో, పైనున్న కొత్త కెమెరా కీచుమని అరిచింది.

లోపల ఎస్సై కంప్యూటరు వంక చూసి కుర్చీలోంచి లేచింది. ముఖాలు చూసి నేరస్థుల్ని పట్టిచ్చే కృత్రిమ మేధ అది. వచ్చి వారమైంది.

"గడియారాల కొట్టులో దొంగతనం చేసింది మీరేనంటోంది. తొంభై ఒక్క శాతం."

"మిగతా తొమ్మిది శాతం నేనేగా మేడమ్? దాన్నైనా ఇంటికి పంపించండి."

ఎస్సై నవ్వలేదు. తెర మీద, కొట్టు కెమెరాకు చిక్కిన దొంగ ఫొటోలో ముఖం మసకగా ఉంది, మీసం మాత్రం దిట్టంగా ఉంది. టైలరు చెయ్యి తెలియకుండానే తన మీసం మీదకి పోయింది.

అంతలో అతని ఫోను మోగింది. "స్పీకర్లో పెట్టండి," అంది ఎస్సై.

"ఎక్కడున్నారండీ?" భార్య గొంతు.

"స్టేషన్లో ఉన్నానే. రావడం ఆలస్యమయ్యేలా ఉంది."

"స్టేషన్లోనా! ఏ రైలెక్కుతున్నారు? డాక్టరు దగ్గరకు తీసుకెళ్లమంటే ఊరొదిలి పారిపోతారా? పెళ్లైన దగ్గర్నుంచీ ఇంతేగా మీరు!" అని టక్కున పెట్టేసింది.

ఎస్సై టైపు చేసింది: "పారిపోయే అలవాటుంది. భార్య వాంగ్మూలం." యంత్రం ఆ ముక్క మింగి, నిందితుడు ప్రమాదకరం, బెయిలు ఇవ్వరాదు, వెంటనే కోర్టుకు తరలించాలి అని ఎర్రటి అక్షరాల్లో తేల్చేసింది. పాతికేళ్లుగా ఊరందరి కొలతలూ తీసినవాడు టైలరు. ఇప్పుడు ఈ యంత్రం తన కొలతే ఇంత తప్పుగా తీస్తోంది.

రోజూ పొద్దున్నే సంతకం పెట్టిపోయే పాత దొంగ ఒకడు బెంచీ మీంచి లేచొచ్చి తెరలోకి తొంగిచూశాడు.

"అది నేనండీ మేడమ్! పోయిన నెలే మీసం తీసేశా. నా పని ఇంకొకాయన నెత్తిన పడితే నాకేం మర్యాద?"

ఎస్సై అతన్ని కెమెరా ముందు నిలబెట్టింది. "పోలిక నాలుగు శాతం. రోజూ వచ్చే ముఖం. సిబ్బంది," అని తెర మీద పడింది.

"నాలుగా!" దొంగ మొహం మాడిపోయింది. "ఇరవై ఏళ్ల అనుభవమండీ నాది!"

రోషంగా బయటికి నడిచాడు. కెమెరా కిక్కురుమనలేదు. అరగంటలో గోనెసంచితో తిరిగొచ్చి బల్ల మీద గుమ్మరించాడు. పదకొండు గడియారాలు, అన్నీ టిక్కుటిక్కుమంటున్నాయి.

ఎస్సై వాటిని లెక్కపెట్టి రాసుకుంది. తర్వాత టైలరుకు క్షమాపణ చెప్పి, గుమ్మందాకా వచ్చి సాగనంపింది.

దొంగను అరెస్టు చేయడం మాత్రం ఆ రోజు కుదరలేదు. సిబ్బందిని అరెస్టు చేయాలంటే పై అధికారి అనుమతి కావాలని యంత్రం పట్టుబట్టింది.