మిస్ వెర్నా వెనక తలుపు

కార్విన్ పట్టణంలో ఎవరి దగ్గరా తుపాకీ కనబడదని ముందుగా సవినయంగా మనవి చేసుకుంటున్నాను. ఓక్లహామా మొత్తంలో ఇంత ప్రశాంతమైన ఊరు ఇంకొకటి లేదని మా ఊరివాళ్ళమంతా ఏకగ్రీవంగా ఒప్పుకుంటాం. మగవాళ్ళు ఎంత ఎండలోనైనా చొక్కా మీద కోటు తొడుక్కుంటారు. కూర్చుంటే కాస్త ఎడమ పక్కకి ఒరిగి కూర్చుంటారు. చర్చిలో కౌగిలించుకోవలసి వస్తే ఎడమ భుజంతోనే కానిచ్చేస్తాం. కుడి నడుము దగ్గర ఏముందని ఎవరూ ఎవరినీ అడగరు, అందరికీ తెలుసు గనక. మా ఊళ్ళో రహస్యమంటే అదే.

నా పేరు లాయిడ్ హాస్కిన్స్. పశువుల దాణా కొట్లో గుమాస్తాని. నా నడుముకి ఏముందో మీకు చెప్పకూడదు. తొమ్మిది మిల్లీమీటర్లదని మాత్రం చెప్పగలను.

ఇక జరిగినది. మార్చి నెలలో ఒక ఆదివారం, చర్చిలో ఎవరి కష్టం వాళ్ళు చెప్పుకుని ప్రార్థన కోరే వేళ, మిస్ వెర్నా ప్రూయిట్ లేచి నిలబడింది. ఆవిడకు డెబ్బై నాలుగేళ్ళు. ముప్పై ఏళ్ళు మూడో తరగతికి పాఠం చెప్పింది. పాస్టరు మొదలుకొని నా దాకా అందరం ఆవిడ చేత చెవులు మెలిపెట్టించుకున్నవాళ్ళమే. పెళ్ళయినా, భర్త పోయినా, మాకు మాత్రం ఆవిడ ఇప్పటికీ మిస్ వెర్నాయే.

"మా వంటింటి వెనక తలుపు గడియ ఊడిందర్రా," అంది. "గాలి వీస్తే తలుపు దానంతటదే తెరుచుకుంటోంది. ఒంటిదాన్ని, భయమేస్తోంది. ఎవరైనా ఒక్క పది నిమిషాలు వచ్చి నాలుగు స్క్రూలు బిగించి పొండి."

సభ చలించిపోయింది. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. పాస్టర్ ఎల్డన్ గొంతు సవరించుకున్నాడు.

"సోదరులారా, సోదరీమణులారా! ఇది తలుపు సమస్య కాదు. తలుపు నిమిత్తమాత్రం! ఒక ఒంటరి స్త్రీ భయమేస్తోందని మొరపెట్టుకుంటే, వట్టి చేతులతో ఇంటికి పంపే జనం కాదు మనం! ఆవిడకు కావలసింది ఆయుధం!"

"ఆయుధం కాదు నాయనా, గడియ," అంది మిస్ వెర్నా.

అప్పటికే అందరం ఆమెన్ అనేశాం. ఒకసారి ఆమెన్ అన్నాక సవరణలు కుదరవు.

ఆ పూటే 'మిస్ వెర్నా ఆత్మరక్షణ ఆయుధ నిర్ణయ సంఘం' ఏర్పడింది. దానికి నేను కార్యదర్శిని. గడియ విషయం కూడా సంఘం నిర్లక్ష్యం చేయలేదు, ఆ పని నాకే అప్పగించింది. మిస్ వెర్నా చేతిసంచిలోంచి పసుప్పచ్చ పిడి స్క్రూడ్రైవరు తీసి నా చేతిలో పెట్టింది.

"మా ఆయనది. వచ్చేవాడికి వెతుక్కునే పని ఉండకూడదని తెచ్చాను. పోగొట్టావంటే తొక్క తీస్తాను ఒరేయ్ లాయిడూ."

శనివారం వస్తానన్నాను. ఏ శనివారమో నేనూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు.

ఆపైన ప్రతి బుధవారం చర్చి విందులో, బీన్సు కూర గిన్నెల నడుమ, చర్చలు జరిగాయి. తుపాకుల కొట్టు రాస్కో రివాల్వరే కొనాలన్నాడు. నొక్కితే పేలుతుంది, పేలకపోతే మళ్ళీ నొక్కాలి, ఆడవాళ్ళకి సుళువు అన్నాడు. మిస్ వెర్నా నొక్కింది. కీళ్ళవాతపు వేళ్ళు కదా, మీట సగం దాకా వచ్చి ఆగిపోయింది. "రెండు చేతులా నొక్కండి," అన్నాడు రాస్కో. "అప్పుడు తుపాకీ పట్టుకునేదెవరు, మీ అమ్మా?" అంది ఆవిడ.

పిస్టలైతే మీట తేలిక, కానీ పైభాగం వెనక్కి లాగాలి. ఆవిడ పచ్చడి సీసా మూత తీయలేకే పక్కింటివాళ్ళని పిలుస్తుంది. చిన్నదైతే సంచిలో ఇముడుతుంది గానీ చేతిలో ఎగిరి పడుతుంది. పెద్దదైతే ఎగరదు గానీ సంచి దాన్ని మోయలేదు. చిన్న తూటా చాలదని ఒక వర్గం, పెద్ద తూటా గోడ దాటి పక్కింటివాణ్ణి పలకరిస్తుందని ఇంకొక వర్గం. ఆ పక్కింటివాడు కూడా సంఘ సభ్యుడే కావడం వల్ల ఆ వాదన మూడు వారాలు సాగింది. ఈ తగవులో ఇద్దరు బావమరుదుల మధ్య మాటలు పోయాయి, ఇంతవరకూ తిరిగి రాలేదు. ప్రజాస్వామ్యమంటే ఇలా ఉండాలి.

మధ్యమధ్యలో మిస్ వెర్నా చెయ్యెత్తి, "గడియ సంగతేమిట్రా?" అని అడుగుతూనే ఉంది. విషయం దారి తప్పుతోందని సంఘం అధ్యక్షులు ఆవిడను సున్నితంగా మందలించారు.

జూన్ చివరికి పిస్టలు నిర్ణయమైంది. లాగడానికి తేలికైనది, పిడి లేత గులాబీ రంగు. లర్లీన్ అనే ఆవిడ స్వయంగా అరలున్న తోలుసంచి కుట్టిచ్చింది. ఒక అర తుపాకీకి, ఒకటి కళ్ళజోడుకి. కళ్ళజోడు లేనిదే మిస్ వెర్నాకి మనిషికీ మేకకీ తేడా తెలియదు గనక రెండోది మరీ ముఖ్యం. శిక్షణలో మొదటి రోజు ఆకాశాన్నీ, మూడో రోజు కాగితాన్నీ కొట్టింది. చప్పట్లు కొట్టాం, ఫొటో దిగాం. ఆ ఫొటోలో ఆవిడ ఒక్కతే నవ్వలేదు. నా వంక చూస్తోంది.

మా ఊరి సంప్రదాయం ప్రకారం, మేలు చేసినవాళ్ళకి చేత్తో రాసిన కృతజ్ఞతా పత్రం టపాలో పంపాలి. మిస్ వెర్నా ముప్పై ఎనిమిది పత్రాలు రాసి, స్టాంపుల కోసం పోస్టాఫీసుకు బయలుదేరింది. పోస్టాఫీసులోకి తుపాకీ తీసుకుపోవడం నేరం. ఆవిడ చట్టం గీత దాటే మనిషి కాదు. తోలుసంచి వంటింటి బల్ల మీద పెట్టి, చిల్లర మాత్రం జేబులో వేసుకుని వెళ్ళింది.

తిరిగి వచ్చేసరికి సంచి లేదు, పిస్టలు లేదు, బల్ల మీది సగం పెకాన్ గింజల తీపి 'పై' కూడా లేదు. షెరీఫ్ వచ్చి తలుపు పరీక్షించి, 'పగలగొట్టిన ఆనవాళ్ళు లేవు, దొంగ నేర్పరి' అని రాసుకున్నాడు. ఆ సాయంత్రం నేను ఆవిడకి ఫోన్ చేశాను. "ఇప్పుడు నిజంగా భయమేస్తోందిరా," అంది. ఆ గొంతు నేనెప్పుడూ విననిది. నాకు సిగ్గేసింది. ఆ మాట ఒప్పుకుంటున్నాను.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. దొంగ చేతిలో ఆయుధముంది గనక మిస్ వెర్నాకు అంతకన్నా పెద్దది కావాలని తీర్మానించింది. ఊరంతా తలా ఒకటి అదనంగా కొనుక్కుంది. రాస్కో కొట్టు ముందు వరుస కట్టాం. మిస్ వెర్నా ఇంటి ముందు పచ్చికలో ఒక బోర్డు పాతాం: 'ఈ ఇంటావిడ సాయుధురాలు. హెచ్చరిక లేకుండా కాల్చబడును.' ఆ బోర్డుకి పన్నెండు స్క్రూలు పట్టాయి. నలుగురు మనుషులం నాలుగు స్క్రూడ్రైవర్లతో బిగించాం.

అక్టోబరులో నాకు చెందవలసిన కృతజ్ఞతా పత్రం వచ్చింది. 'లాయిడ్, అందరి సలహాలకీ కృతజ్ఞతలు. నా స్క్రూడ్రైవరు నాకిచ్చేస్తే తలుపు నేనే బిగించుకుంటాను.' చివరి చుక్క, బడిలో దిద్దినట్టు, ఎర్రసిరాతో పెట్టింది.

ట్రక్కులో వెతికాను. సీటు కింద రెండు పిస్టళ్ళు, ఒక తూటాల డబ్బా పక్కకి జరిపితే పసుప్పచ్చ పిడి కనబడింది. తిన్నగా వెళ్ళి ఆవిడ ఇంటి ముందు ఆపాను. బోర్డు చూశాను. ఆవిడకి కొత్త తుపాకీ వచ్చిందని తెలుసు, పాత కళ్ళజోడు దొంగ ఎత్తుకుపోయిన సంచితోనే పోయిందనీ తెలుసు. ట్రక్కు దిగలేదు. హారన్ కొట్టాను.

మిస్ వెర్నా వట్టి చేతులతో గుమ్మంలోకి వచ్చి కళ్ళు చిట్లించింది.

"లాయిడేనా? లోపలికి రారా, కాఫీ పెట్టాను."

"పనుందండీ," అంటూ కిటికీలోంచి స్క్రూడ్రైవరు పచ్చిక మీదికి విసిరాను.

ఆవిడ నెమ్మదిగా వంగి, తడిమి, దాన్ని తీసుకుంది. పిడికి అంటిన మట్టి వంటింటి ఏప్రనుకి తుడిచింది.

"ఈ ఏడు నెలల్లో నా తలుపు దాకా వచ్చినవాడు ఆ దొంగ ఒక్కడేరా," అంది.